నలభై రెండు దగ్గర ఆగే సౌండు

ఇరవై ఏళ్ళుగా ఇళ్ళల్లో హోమ్ థియేటర్లు బిగిస్తున్న ఆ మెకానిక్కి సౌండు సంగతి కొట్టిన పిండి. సినిమా ఎంత గట్టిగా పెట్టుకోవాలని ఎవరడిగినా ఒకటే చెబుతాడు: "మాటలు తెలియాలి, కిటికీ అద్దాలు అదరకూడదు."

నెల కిందట సెట్టు పెట్టించుకున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. సౌండు దానంతటదే తగ్గిపోతోందట.

మధ్యాహ్నం వెళ్ళాడు. సినిమా పెట్టి, సౌండు అరవైకి పెంచాడు. తెర మీద పోట్లాట మొదలైందో లేదో ఆంప్లిఫయరు మీద అంకె దిగసాగింది. యాభై ఎనిమిది. యాభై. నలభై రెండు దగ్గర ఆగింది.

రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసేశాడు. బండిలోంచి కొత్త ఆంప్లిఫయరు తెచ్చి పెట్టాడు. మళ్ళీ నలభై రెండే. ఈసారి సౌండు నాబ్ దానంతటదే తిరగడం కళ్ళారా చూశాడు. ఎవరో ఓపిగ్గా, కొంచెం కొంచెంగా తిప్పుతున్నట్టు.

"మా ఆవిడకి హోరు పడేది కాదు బాబూ," అన్నారు మాస్టారు, సోఫాలో ఓ పక్కకి ఒదిగి కూర్చుని. "నేను పెంచడం, తను తగ్గించడం. ముప్పై ఏళ్ళు ఇదే గొడవ. తను పోయి ఏడాదైంది. ఇక అడ్డు చెప్పేదెవరులే అని ఇంత పెద్దది కొన్నాను."

మెకానిక్ సెట్టు కట్టేసి, చప్పుడు కొలిచే మీటరు తీశాడు. గది మధ్యలో ముప్పై డెసిబెల్స్. సోఫాలో మాస్టారు పక్కనున్న ఖాళీ చోట పెట్టాడు. నలభై అయిదు. ముప్పై. యాభై. మళ్ళీ ముప్పై. ఎవరో మాట్లాడి, ఆగి, మళ్ళీ అందుకున్నట్టు. చెవులకి మాత్రం ఏమీ వినిపించడం లేదు.

మాస్టారు ముందుకి వంగారు. "ఏమంటోంది?"

"ఎంత గట్టిగా అన్నదే ఇది చెబుతుందండీ. ఏమన్నదీ చెప్పదు."

"పోనీ, అరుస్తోందా?"

మెకానిక్ చాలాసేపు అంకెల్నే చూశాడు. యాభై దాటడం లేదు. "లేదండీ. మామూలుగా మాట్లాడుకున్నట్టే ఉంది."

మాస్టారి భుజాలు దిగాయి. "అయితే నలభై రెండు దాటకుండా లాక్ చేసెయ్యి బాబూ."

సినిమా మళ్ళీ పెట్టి, సౌండు నలభై రెండు దగ్గర లాక్ చేశాడు. సంచీ సర్దుకుని, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూశాడు. మాస్టారు తెర వైపు చూడటం లేదు. ఆ ఖాళీ చోటు వైపు తిరిగి, చెవి ఒగ్గి, "ఊఁ... ఊఁ..." కొడుతున్నారు.