ఐదు సీట్లు మింగిన ట్యాంకు

గాలి ఉధృతికి ఫెర్రీ పడవ మళ్ళీ రద్దయిందని కబురు రాగానే ఇంజనీరు థోరా ఫోను బల్లమీద విసిరికొట్టింది. ద్రవ హైడ్రోజన్ తెచ్చే లారీ రెండు రోజులుగా అవతలి ఒడ్డున నిలిచిపోయింది. అందులోని ద్రవం గంటగంటకీ కొంత ఆవిరై గాలిలో కలిసిపోతోంది. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఆర్క్నీ దీవుల్లో గాలిమరలకు కొదవ లేదు. వాటి కరెంటుతో హైడ్రోజన్ తయారు చేస్తారు కూడా. దాన్ని ద్రవంగా మార్చే యంత్రమే లేదు.

"ఇంతకీ ఆ లారీ డీజిల్‌తోనేగా నడిచేది?" అన్నాడు పైలట్ ఎర్లెండ్.

"మీరు కూడా మొదలుపెట్టకండి."

"నేనేమన్నానమ్మాయ్! అడిగానంతే."

దీవుల మధ్య తిరిగే తొమ్మిది సీట్ల విమానాన్ని హైడ్రోజన్‌తో, పొగ లేకుండా ఎగరేయాలని థోరా నాలుగేళ్ళుగా తంటాలు పడుతోంది. మూడోరోజు గాలి తగ్గి లారీ వచ్చింది. మిగిలిన ఇంధనం ఒక్కసారి వెళ్ళి రావడానికి సరిపోతుంది.

విమానం ఎగిరింది. ఎక్కడా కుదుపు లేదు. వెనక తెల్లటి నీటి ఆవిరి తప్ప మరేమీ లేదు. పన్నెండు నిమిషాల్లో స్టెన్సే దీవిలో దిగారు. థోరాకి ఎగిరి గంతేయాలనిపించింది.

కంచె దగ్గర నర్సు మెరన్ నిలబడి ఉంది. కాన్పు కష్టమైన వాళ్ళనీ, గుండెనొప్పి వచ్చిన వాళ్ళనీ ఈ విమానంలోనే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆమే. దగ్గరికొచ్చి విమానంలోకి తల పెట్టి చూసింది.

"నాలుగే ఉన్నాయేంటి? మిగతా సీట్లేవి?"

"ట్యాంకు పెట్టాం. హైడ్రోజన్ తేలికే గానీ పెట్రోలు కంటే నాలుగింతల చోటు కావాలి. పైగా ఆ ద్రవం వేడెక్కి ఆవిరైపోకుండా మందపాటి గోడలు..."

"అదంతా సరే తల్లీ. నా పేషెంటు ఎక్కడ పడుకోవాలి?"

థోరా లోపలికెక్కి, స్ట్రెచర్ పెట్టాల్సిన చోట తనే పడుకుని చూసింది. తల తలుపుకి ఆనింది. కాళ్ళు ట్యాంకుకి తగిలి చాపడానికి రాలేదు. ఎటు జరిగినా అంతే.

"లేమ్మా, బట్టలు పాడవుతాయి," అంది మెరన్ మెల్లగా.

సాయంత్రం పై అధికారి ఫోన్ చేశాడు. "ఎగిరింది కదా! రిపోర్టులో అదే రాయి. సీట్ల సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత ఎవరు చూస్తారు సార్?"

"థోరా, మొండికేయకు."

ఆమె రెండూ రాసింది. విమానం ఎగిరిందనీ, ఈ విమానంతో ఈ దీవులకు పని జరగదనీ. ఇంకా పెద్ద విమానమైతే, ఇంధనం ఇక్కడే తయారైతే చూడొచ్చని చివర చేర్చింది. ఆ చివరి వాక్యం ఎవరూ చదవలేదు. నెల తిరక్కుండానే పని ఆపేశారు.

ట్యాంకు ఊడదీసిన రోజున పాత సీట్లు థోరానే బిగించింది. ఆఖరి సీటు బోల్టు మరలో కూర్చోలేదు.

"ఇలా ఇవ్వు, నే చూస్తా," అన్నాడు ఎర్లెండ్.

"అక్కర్లేదు," అంటూ పళ్ళు బిగబట్టి మళ్ళీ తిప్పింది.