రెండు సీసాలు తక్కువ

శనివారం పొద్దున ఆరున్నరకు ఫ్రిజ్ తలుపు తీసిన సింధుజకు, నాలుగు పాలసీసాలు ఉండాల్సిన చోట రెండే కనిపించాయి.

పెరుగు గిన్నె పక్కకు జరిపింది. కొత్తిమీర కట్ట ఎత్తి చూసింది. కింది అరలో టమాటాల వెనక కూడా చెయ్యిపెట్టి తడిమింది. రెండే.

అవి బర్రెపాలు కావు, పాకెట్ పాలు కావు. ఆమె సొంత పాలు. ఐదు నెలల కూతురు రుత్విక కోసం నిన్న తాండూరులో పనిచేసే చోట రెండు సీసాలు, సాయంత్రం ఇంటికి వచ్చాక ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి పంపుతో తీసి దాచింది. ఒక్కోదానికి కాగితం ముక్క అంటించి ఏ రోజు, ఏ వేళ తీసిందో రాసింది. నాలుగోది పెట్టినప్పుడు మిగతా మూడూ కళ్ళతో చూసింది. ఇప్పుడు తాండూరులో తీసినవి రెండూ లేవు.

ఏడున్నర రైలుకు గంట టైముంది. ఆ రైలెక్కితే తిరిగి వికారాబాద్‌లో దిగేది సాయంత్రం నాలుగింటికి. అప్పటిదాకా పాపకు నాలుగు సీసాలు కావాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. అది వంటింటి అలమార పై అరలో ఉంది. పాలపొడి డబ్బా. సింధుజ మళ్ళీ పనిలో చేరిన రోజే అత్త జంగమ్మ మెడికల్ షాపు నుంచి తెచ్చి పెట్టింది. "ఒక్కనాడు నీ పాలు తక్కువవడ్డా దీని మూత తీస్త. మల్ల నన్నేమనొద్దు," అంది. సింధుజ సరేనంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా మూడు వారాలే ఉన్నాయి. పది రోజులుగా ఆ డబ్బా మూతకు ఎవరి వేలూ తగల్లేదు. సింధుజకు జీవితంలో చాలా పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి కానీ, ఈ పది రోజులంత గర్వం ఏ మార్కులూ ఇవ్వలేదు.

మొదట దొరికిన అనుమానితుడు మొగుడు. మల్లేశ్వర్ వరండాలో నిలబడి చాయ్ తాగుతున్నాడు.

"ఆ చాయ్‌ల ఏం పాలు పోసినవ్?"

"ఏం పాలంటె? పాకెట్ పాలు."

"ఫ్రిజ్‌ల కెల్లి సీసా తీసినవా?"

మల్లేశ్వర్ గ్లాసు వంక చూసుకున్నాడు. తర్వాత భార్య వంక చూశాడు. "నువ్వు రాసిన కాగితాలు చూస్తెనే నాకు బుగులైతది. వాటిని ముట్టుకుంటనా? కోసిన పాకెట్ గిన్నెలనే ఉన్నది, పోయి చూస్కో. పోలీసోళ్ళ లెక్క నిలబడకు జర."

పాకెట్ గిన్నెలోనే ఉంది. అందులోంచి తగ్గిన పాలకూ చాయ్‌కీ లెక్క సరిపోయింది. సింధుజ కొలతల్లో దిట్ట. తాండూరులో అరుణాదేవి నడిపే బండల పాలిషింగు యార్డులో, లారీలోకి ఎక్కే ప్రతి బండనూ టేపు పెట్టి కొలిచేది ఆమే. అర అంగుళం తేడా ఉంటే టేపు తీయకముందే చెప్పేస్తుంది. అక్కడే, కొలతల పుస్తకాలు పెట్టుకునే చిన్న గదిలో, రోజుకు రెండుసార్లు గొళ్ళెం పెట్టుకుని పాలు తీస్తుంది. హమాలీలు తలుపు కొడుతున్నారని అరుణాదేవి దానికి అట్టముక్క తగిలించింది: "లోపల లోడింగు నడుస్తోంది."

మొగుడు కాదు. మామ పొద్దు పొడవకముందే గొర్రెల మందతో వెళ్ళిపోతాడు. మిగిలింది అత్త.

జంగమ్మ పాపను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. విషయం విని చెయ్యి ఆపింది.

"రొండు తక్కువున్నయా? నిన్న నాలుగు తీయనే లేదేమో. అలసిపోయి వస్తున్నవ్. పాలు తగ్గుతున్నయేమో పిల్లా."

"నాలుగు తీసిన. వెట్టిన. నాకెరికె."

"మరి ఏడికి పోతయ్?"

సింధుజ అడగకూడదనుకుంది. అడిగేసింది. "అత్తమ్మా, డబ్బా మూత తీయాల్నని నువ్వు గిట్ల తీసినవా?"

జంగమ్మకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. పాప పొట్టమీది నూనెను చీర కొంగుతో తుడుస్తూ, తలెత్తకుండా మాట్లాడింది.

"నీ మొగడు పుట్టినప్పుడు నాకు పాలు రాలే. తిండే సక్కగ లేకుండె, పాలేడికెల్లి వస్తయ్? ఆవుపాలల్ల నీళ్ళు కలిపి, దూది ముంచి తాపిన. వాడకట్టోళ్ళు నన్ను పేరువెట్టి పిలుసుడు మానిండ్రు. పాలులేని జంగమ్మ అన్నరు. గా మాట నీకు రావద్దనే డబ్బా తెచ్చిన. నీ పాలు పారవోయనీకె కాదు."

సింధుజ కింద కూర్చుంది. పాప అమ్మ మెడలోని గొలుసును పట్టుకుని లాగింది.

"తప్పైంది అత్తమ్మా."

"తప్పు సంగతి మాపటికి చూద్దాం. పొద్దెక్కుతున్నది. పాప పొద్దుగాల ఎంత తాగింది?"

"ఒక్క దిక్కే తాగి పండుకుంది."

"ఇంకో దిక్కు ఉన్నది గదా మరి. పో, గా బోరింగు తే."

పాలు తీసే పంపుకు జంగమ్మ పెట్టిన పేరు అది. సింధుజ ముందు అరుణాదేవికి ఫోన్ చేసింది.

"మేడమ్, ఇయ్యాల తొమ్మిది బండికొస్త. పాపకు పాలు తక్కువైనయ్, తీసి రావాలె."

"రెండు లారీలు నిలబడ్డయ్ సింధుజా."

"ఎరికె మేడమ్."

"నిలబడనీ. బండలేమన్నా నడిచి పోతయా? తీసే రా."

గది తలుపు దగ్గరకు వేసి సింధుజ గోడకు ఆనుకుంది. పంపు పని మొదలుపెట్టింది. మొదట నాలుగు చుక్కలు. తర్వాత ఏమీ లేదు. భయపడితే పాలు దిగవని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోదు. తగ్గుతున్నాయేమో అన్న మాట చెవిలో ఇంకా అలాగే ఉంది.

జంగమ్మ లోపలికి వచ్చి పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇగో, నీ బిడ్డను చూడు. సీసాను చూడకు."

రుత్విక బొటనవేలు నోట్లో పెట్టుకోబోయి, గురితప్పి, ముక్కులో పొడుచుకుంది. తన వేలిమీద తనకే కోపం వచ్చి మూతి వంకర పెట్టింది. సింధుజకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఉంది, ఒళ్ళంతా జివ్వుమంది, సీసాలో సన్నటి ధార పడుతున్న చప్పుడు వినిపించింది.

ఒక వేలు మందం. రెండు వేళ్ళు. జంగమ్మ వంగి చూస్తోంది. మొదటి సీసా గీత దాటింది. రెండోది పెట్టారు. అది సగానికి వచ్చి ఆగింది.

"పాలు తగ్గినయని ఎవలన్నరు?" అంది జంగమ్మ గట్టిగా, అన్నది తాను కానట్టే.

"ఇంకో సగం సీసా తక్కువున్నది అత్తమ్మా."

"దానికేం ఫికర్? నాలుగింటి బండికి పోరిని నేనే టేషన్‌కు తోల్కొస్త. దిగంగనే తాపుదువు. ప్లాట్‌ఫారం మీద నా కొంగు అడ్డం వెడ్త. ఎవడు చూస్తడో చూస్త."

మూడున్నర సీసాలు ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి. డబ్బా మూత కదల్లేదు. సింధుజ వీపు నిటారుగా పెట్టుకుని, పంపు కడగడానికి పెరట్లోకి నడిచింది. దొంగ సంగతి సాయంత్రం చూసుకోవచ్చనుకుంది.

సాయంత్రం దాకా ఆగనక్కర్లేకపోయింది. గొర్రెల దొడ్డి కంచె మీద రెండు సీసాలు శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. కాగితాలు తడిసినా రాత చెరగలేదు. శుక్రవారం పదకొండు. శుక్రవారం రెండు. ఒక సీసా మూతికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి ఉంది.

దొడ్డిలో మామ ఎంకయ్య గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. ఈ పాటికి మందను తోలుకుని అనంతగిరి దిక్కుకు వెళ్ళిపోవాల్సిన మనిషి. అతని ఒళ్ళో బొడ్డు ఇంకా ఆరని గొర్రెపిల్ల ఉంది. దాని మూతి చుట్టూ తెల్లగా పాలు అంటుకుని ఉన్నాయి.

సింధుజ ట్యూబు తొడిగిన సీసాను పైకెత్తి చూపించింది. ఎంకయ్య తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నేనే తీసిన బిడ్డ. ఎవ్వలను అనకు. నిన్న మాపటికి దీని తల్లి ఈనంగనే సచ్చిపాయె. రొండు గొర్రెల కింద వెట్టి చూసిన, తన్నినయ్. తమది గాని పిల్లను వాసన వట్టి ఎల్లగొడ్తయ్ అవి. పాకెట్ పాలు తాపిన, కడుపు పారుడు వట్టింది. తెల్లారేసరికి మెడ వాలేసింది. ఇగ నాకు నీ సీసాలు యాదికొచ్చినయ్. మందల పాలెక్కువున్న తల్లి దగ్గర తీసి లేని పిల్లకు తాపుడు మా అయ్య కాలం కెల్లి ఉన్నది. మా చేతులకు గదే అలవాటు. ఒకటి తాపిన, చాలలే. ఇంకోటి తీసిన. నీ బిడ్డకు తక్కువైతదని నాకు తట్టలే. అది నా తప్పే. నీ దగ్గర మస్తున్నయనుకున్న. అడగనీకె సిగ్గైంది. మామ పోయి కోడల్ని పాలియ్యమని ఎట్లడుగుతడు? పాలు తగ్గినయని మీ అత్త అనంగ గోడ ఇవతల విన్న. గప్పుడన్న చెప్పాలె. నోరు లేవలే. నలభై ఏండ్ల సంది తల్లులనే చూస్తున్న బిడ్డ. పొద్దంత మేతకు తిరిగి, మాపటికి పిల్లకు పాలు మిగుల్చుకొచ్చే గొర్రెకు మేం బేరం పెట్టం, ఎంతిచ్చినా అమ్మం. నువ్వు రైలెక్కి పోయి, బండలు కొలిచి, సీసలల్ల పాలు మోసుకొస్తున్నవ్. నా మందల గసొంటిది ఒక్కటి లేదు. గిది చెప్పనీకె సుత సిగ్గే. రొండు సీసాలు నేనే తీసిన. తాగి ఇది మూడుసార్లు లేసి నిలవడ్డది."