బకెట్టు తీసేసిన చోట

కంకిపాడు అవతల కాలువ గట్టున ఉండే అమలమ్మ ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకునే మనిషి కాదు. నాట్ల రోజుల్లో ఆడవాళ్ళ ముఠాను వెంటబెట్టుకుని చేలోకి దిగిందంటే, వాన కురిసినా జలగలు పట్టినా, రైతుకి ఒప్పుకున్న పని పొద్దు వాలేలోగా పూర్తి కావలసిందే. అలాంటి మనిషి తను యేసుప్రభువు గుడిలో పదిమంది ముందు అన్న మాట దగ్గరే చిక్కుకుపోయింది. ఆ చిక్కు ఎలా పడిందో తెలియాలంటే ముందు బట్టల కొట్టు సంగతి చెప్పుకోవాలి.

అన్నగారి మనవరాలికి పెళ్ళి కుదిరితే, పెళ్ళికూతురి తెల్లచీర తానే పెడతానంది అమలమ్మ. కోడలు వినీలను తీసుకుని బెజవాడలో ఒక పెద్ద బట్టల కొట్టుకి వెళ్ళింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కింద లైనింగు గుడ్డ కొని బిల్లు కట్టి, తెల్లచీరల కోసం అత్తాకోడళ్ళు పై అంతస్తుకి మెట్లెక్కారు.

పైన ఏసీ కారుతోంది. ఆ నీళ్ళు పట్టటానికి కింద ఎప్పుడూ ఒక నీలం బకెట్టు ఉంచేవారట. ఆ పూట కొట్టువాళ్ళు కొత్త చీరలు పరిచి ఫోన్లో వీడియో తీస్తున్నారు. అందులో బకెట్టు కనపడితే ఏం బాగుంటుందని మేనేజరు లక్ష్మీకాంత్ దాన్ని తీయించాడు. అతను చెయ్యి ఊపి చెప్పటం, పనిమనిషి బకెట్టు మోసుకుపోవటం వినీల మెట్ల మీదనుంచే చూసింది. మన ఇల్లా, మన వాకిలా, మనకెందుకులే అనుకుంది. ఆ తర్వాత ఆ మనకెందుకులే అన్నమాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అద్దంలా మెరిసే నేల మీద నీళ్ళు కంటికి ఆనవు కదా. మోకాటి లోతు బురదలో ఏనాడూ జారని అమలమ్మ పాదాలు ఆ నున్నటి రాతి మీద జారాయి. తుంటి నేలకి తగిలి, ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. కట్టుకున్న మంగళగిరి నేత చీర అంచు సగం దాకా తడిసిపోయింది.

ఉన్నమాట చెప్పుకోవాలి, లక్ష్మీకాంత్ చెడ్డవాడు కాదు. మామ్మగారూ, మామ్మగారూ అంటూ రెండు చేతుల మీదా ఎత్తుకుని, తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీసేదాకా తల దగ్గరే నిలబడ్డాడు. నొప్పికి ఆమె గోళ్ళు అతని ముంజేతిలో దిగబడ్డా చెయ్యి లాక్కోలేదు. పాపం, అతని కంగారు చూసి అమలమ్మే అతన్ని ఓదార్చింది. నీ తప్పేముంది నాయనా, నేనే చూసుకోలేదు అంది. పాలు పొంగిపోయినా, పిల్లాడు దొర్లిపడినా ఆడదాని నోటికి ముందుగా వచ్చేది ఆ మాటే.

ఆపరేషన్ చేసి తుంటిలో కడ్డీ వేశారు. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయగలిగిన మొదటి ఆదివారం గుడికి వెళ్ళింది. వాళ్ళ గుడిలో ఆరాధన చివర సాక్ష్యం చెప్పుకునే ఆనవాయితీ ఉంది. లేచి నిలబడ్డ మనిషి ముందు తన తప్పు ఒప్పుకోవాలి, తర్వాత దేవుడు చేసిన మేలు చెప్పాలి. ఎదుటివాడి తప్పు ఎత్తితే, ఇది సాక్ష్యం కాదమ్మా, చాడీ అని పెద్దవాళ్ళు కూర్చోబెడతారు. అమలమ్మ కూడా ఆ వరసలోనే చెప్పింది. చీర మీద ఆశతో కళ్ళు నెత్తిన పెట్టుకుని నడిచానంది. తప్పు నాదేనంది. ప్రభువు తల పగలకుండా కాపాడి, కన్నకొడుకులాంటి మనిషిని తోడిచ్చాడంది. గుడి అంతా స్తోత్రం పలికింది. ప్రతి ఆదివారం ఫోను స్టాండుకి తగిలించి ఆరాధనంతా యూట్యూబులో పెట్టేది ఆమె కొడుకు, ఆటో నడిపే బెన్నీయే. ఆ సాక్ష్యమూ అలాగే ఎక్కింది.

నెలలు గడిచినా కాలు మునుపటి కాలు కాలేదు. పొట్టిదై, వంగనని మొరాయించింది. నాట్లు వచ్చాయి. ముఠా ఆమె లేకుండానే చేలోకి దిగింది. గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్న అమలమ్మ, నారు సాలు తప్పుతోందని అరవబోయి, ఊరుకుంది. కొన్నాళ్ళు ఫోను ఎత్తిన లక్ష్మీకాంత్ తర్వాత ఎత్తటం మానేశాడు. బెన్నీ కొట్టుకి వెళ్ళి అడిగితే, మీ అమ్మ తనంతట తను పడింది, ఆస్పత్రికి చేర్చడమే మా మంచితనం అన్నారు.

అప్పుడు బెజవాడలో లాయరు శాలిని గారి దగ్గరికి వెళ్ళారు. తలుపు తీసి రమ్మన్నవాడు వచ్చినవాళ్ళు పడకుండా నేల చూసుకోవాలి, అది దయ కాదు, బాధ్యత అని ఆవిడ విడమరిచి చెప్పింది. లైనింగు గుడ్డ కొన్నారు గనుక మీరు వాళ్ళ వినియోగదారులు, అడిగే హక్కుంది, రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి అంది. ఆస్పత్రికి తీసుకెళ్ళినంత మాత్రాన బాధ్యత తీరిపోదంది. పడిన వెంటనే కొట్టు కెమెరా దృశ్యాలు చెరపకుండా ఉంచమని రాసివ్వవలసిందని నొచ్చుకుంది. అనుకున్నట్టే, నోటీసు వెళ్ళేసరికి అవి చెరిగిపోయాయన్నారు కొట్టువాళ్ళు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే, జవాబుతో పాటు గుడి వీడియో జతచేశారు.

శాలిని గారు కంకిపాడు వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. నొప్పిలో, మందుల మత్తులో ఏదో అన్నాను, అది నిజం కాదు అని చెబితే దారి సులువవుతుందంది. అమలమ్మ తల అడ్డంగా ఊపింది.

"దేవుడి ముందు అన్నది అబద్ధమని మనుషుల ముందు అనమంటావా అమ్మా? నాకు మత్తూ లేదు, ఏమీ లేదు. కేసు వదిలెయ్యండి."

"మరి నీ కాలో?" అన్నాడు బెన్నీ. వీడియో పెట్టింది తనేనన్న బాధ వాణ్ణి తినేస్తోంది.

గుమ్మంలో నిలబడ్డ వినీల అప్పుడు నోరు విప్పింది. "అత్తయ్యా, మీరు గుడిలో అబద్ధం చెప్పలేదు. మీకు తెలిసింది చెప్పారు. బకెట్టు తీసేయటం చూసింది నేను. నేను చెబుతాను. మీరు పడ్డ చోట తడి ఉందో లేదో, అది మాత్రం మీరు చెప్పండి."

వినీల చూసిందంతా ప్రమాణం చేసి రాసిచ్చింది. వాయిదా రోజున కొట్టు లాయరు ఆ వీడియో వేశాడు. హాల్లో స్తోత్రాలు మారుమోగాయి. వెనక బెంచీలో ఎవరో అలవాటు కొద్దీ ఆమేన్ అనేసి నాలిక్కరుచుకున్నారు. కమిషన్ అధ్యక్షురాలు అమలమ్మ వైపు తిరిగి, తప్పు నాదేనన్నది మీరే కదా అని అడిగింది.

"నేనేనండి. మా గుడిలో లేచి నిలబడేది ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోటానికండి. పక్కవాళ్ళ మీద చెప్పటానికి కాదు. చీరల మీద కళ్ళు పెట్టుకుని నడిచాను, అది నా తప్పే. ఇప్పుడూ అంతే అంటాను. కొట్టు నేల ఎలా ఉందని అక్కడ ఎవరూ అడగలేదు. మీరు అడిగితే చెబుతాను. తడిగా ఉంది. నా చీర తడిసింది." ఆమె ఊపిరి తీసుకుని, కొట్టు లాయరు పక్కన కూర్చున్న లక్ష్మీకాంత్ వైపు చూసింది. "ఆ బాబు నన్ను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్ళాడు. ఆ మాటా వెనక్కి తీసుకోను. బకెట్టు తీయించింది కూడా ఆ బాబేనని మా కోడలు చూసింది. మా కోడలు అబద్ధమాడదు."

అధ్యక్షురాలు, నిజమేనా అన్నట్టు లక్ష్మీకాంత్ వైపు చూసింది. కొట్టు లాయరు అతని చెయ్యి నొక్కాడు. అతను ముంజేతి మీద ఆమె గోళ్ళు దిగిన చోట నిమురుకుంటూ తల దించుకున్నాడు.

తీర్పు వానలు వెనకబట్టాక వచ్చింది. నడిచేవాళ్ళు చూసుకుని నడవాలి నిజమే గానీ, కారే చోట బకెట్టు తీసేసి, అడ్డు పెట్టకుండా, హెచ్చరిక బోర్డు లేకుండా జనాన్ని నడవనిచ్చినవాళ్ళదే పెద్ద తప్పన్నారు. వైద్యం ఖర్చులూ, పోయిన పనికి పరిహారమూ ఇమ్మన్నారు. బెన్నీ ఆటోలో గన్నవరం దాకా వెళ్ళి చుట్టాలందరికీ చెప్పివచ్చాడు. అమలమ్మ మాత్రం సంబరపడలేదు. కొట్టువాళ్ళు లక్ష్మీకాంత్‌ను పనిలోంచి తీసేశారని ఆ మధ్యాహ్నమే ఆమెకు తెలిసింది.

ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె వాకరు మీద లేచింది. పాస్టరు అయ్యగారు కూర్చునే చెప్పమ్మా అన్నారు. ఆమె కూర్చోలేదు. బెన్నీ గబగబా ఫోను ఆపబోయాడు.

"ఉండనియ్యిరా. అప్పుడు చెప్పింది ఎక్కింది కదా, ఇది కూడా ఎక్కనీ."

తను పడిన నేల తడిగా ఉందని చెప్పింది. తీయకూడని బకెట్టు తీశారని చెప్పింది. అడగటం నా హక్కని లాయరమ్మ చెబితే తప్ప తెలియలేదనీ, మీలో ఎవరికైనా ఇలా జరిగితే ముందుగా నాదే తప్పనేసి నాలాగా నోరు కట్టుకోవద్దనీ చెప్పింది. పెద్దవాళ్ళెవరూ చాడీ అనలేదు.

చివరికి, లక్ష్మీకాంత్ అనే పిల్లాడికి మళ్ళీ పని దొరకాలని అందరూ ప్రార్థన చేయండి అని అడిగింది.

గుడి అంతా మోకాళ్ళూనింది. మోకాలు వంగని అమలమ్మ ఒక్కతే, వాకరు గట్టిగా పట్టుకుని, నిలబడే తల వంచింది.