లైన్లో చప్పుడు

ఆ ఇంటి గోడలు కోటగోడలే. కింద హాల్లో పుట్టిన వైఫై మేడమెట్లు ఎక్కేలోపే ఆయాసపడి కూలబడేది. అందుకని కరెంటు తీగల్లోంచే నెట్టును పైకి పంపే డబ్బాల జత కొన్నారు. ఒకటి హాల్లో, రెండోది మేడమీద కోడలి గదిలో. రెండు రోజులు బాగానే నడిచాయి. మూడోరోజు నుంచి కోడలి ఇంటర్వ్యూల్లో అవతలివాళ్లు నోళ్లు తెరిచినవాళ్లు తెరిచినట్టే బిగుసుకుపోసాగారు. పాప పుట్టిన మూడేళ్లకి వచ్చిన అవకాశం, రెండుసార్లు మధ్యలో తెగింది. “గురువారం పదకొండుకి. ఇదే ఆఖరుసారి” అని వాళ్లు చాలా మర్యాదగా రాశారు.

బుధవారం మెకానిక్కు వచ్చి, ఫోనులో ఏవో అంకెలు చూసి, “మీ లైన్లో చప్పుడు ఎక్కువగా ఉందండీ. అది తగ్గిస్తే చాలు” అని, వేరే పిలుపు రాగానే బండెక్కి పోయాడు.

ఆ మాట మామగారి చెవిన పడింది. అక్కడే వచ్చింది చిక్కు. ముప్ఫై రెండేళ్లు లైబ్రేరియన్‌గా చేసిన ఆయనకి చప్పుడు తగ్గించడం వెన్నతో పెట్టిన విద్య. అటక మీంచి పాత బోర్డు దింపి, హాల్లో డబ్బాకి పైన గోడకి మేకు కొట్టి తగిలించారు: ‘నిశ్శబ్దము పాటించవలెను’. మేకు కొట్టిన చప్పుడుకి పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు.

గురువారం పొద్దున్నే మిక్సీ బంద్, టీవీ బంద్. అత్తగారి చేతిలోంచి గరిటె జారితే “ష్!”

“తుమ్మొస్తే మీకు అర్జీ పెట్టుకోవాలా ఏవిటి?” అందావిడ.

“నెమ్మదిగా! నెట్టు తెగుతుందే!” అన్నారాయన గుసగుసగా.

“మామయ్యగారూ, చప్పుడంటే మనం చేసేది కాదండీ, తీగలో...”

“తీగ గోడలోనే కదమ్మా ఉంది? గోడలకి చెవులుంటాయి!”

కోడలు తల పట్టుకుని మెకానిక్కుకి ఫోన్ చేసింది.

“అయ్యో మేడమ్, అది చెవికి వినపడే చప్పుడు కాదు. ఛార్జర్లకీ దీపాలకీ వచ్చే చవకరకం అడాప్టర్లు కరెంటు తీగనే కలుషితం చేస్తాయి. మీ హాల్లో డబ్బాని ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టండి. తర్వాత మిగతా ప్లగ్గులు ఒక్కోటే పీకి చూడండి.”

గోడ ప్లగ్గుకి మార్చగానే డబ్బా మీది ఎర్రదీపం పసుపైంది. పచ్చబడితే గెలిచినట్టే. ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. పసుపే. ఫోన్ ఛార్జర్లు పీకింది. పసుపే. పదకొండుకి పది నిమిషాలుంది. ఇక మిగిలింది దేవుడి గూట్లో ప్లాస్టిక్ జ్వాల ఊపుకుంటూ వెలిగే కరెంటు దీపం. డబ్బాలొచ్చిన మూడోరోజునే మామగారు తెచ్చి పెట్టారు. అప్పట్నుంచి ఆర్పనివ్వలేదు.

కోడలి చెయ్యి దాని అడాప్టర్ దగ్గరే ఆగిపోయింది.

“అది ముట్టుకోకమ్మా!” గుసగుసలు మరిచి అరిచారాయన. “నీ ఉద్యోగం కోసమే పెట్టాను!”

ఆయన ప్రేమ అబద్ధం కాదు. కాని గడియారమూ అబద్ధం చెప్పదు.

అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ప్లగ్గు పీకేసింది. డబ్బా పచ్చగా వెలిగింది. ఆవిడ కుందిలో నూనె పోసి వత్తి వెలిగిస్తూ, “దేవుడికి వెలుగు కావాలిగాని అడాప్టరెందుకండీ?” అంది. దేవుడు అభ్యంతరం చెప్పలేదు. కోడలు మెట్లమీద పరుగెత్తింది.

యాభై నిమిషాలు ఒక్క మొహమూ బిగుసుకోలేదు.

“సోమవారం నుంచి చేరమన్నారు!” అంటూ దిగొచ్చింది.

“చూశారా, మౌనం మహిమ!” అన్నారు మామగారు.

“ఇంతమందిలోకీ నోరెత్తనిది ఇదొక్కటే. గోలంతా దీనిదేనట” అని అత్తగారు ఆ అడాప్టర్ని అటకెక్కించి, బోర్డు కూడా దాని పక్కనే పెట్టించింది. తర్వాత తీరిగ్గా మిక్సీ వేసింది. ఆయన “ష్!” అన్నారు కాబోలు, ఎవరికీ వినపడలేదు.