టర్బోకి ఆయిల్ దారి

గాజువాక మెయిన్ రోడ్డు వెనక వీధిలో జగ్గారావుకి చిన్న షెడ్డు ఉంది. అక్కడ అతను కార్లు బాగుచేస్తాడు. అతని భార్య గౌరీశ్వరి అచ్యుతాపురంలో హైడ్రాలిక్ గొట్టాలు తయారుచేసే కంపెనీకి వెళ్తుంది. ఆమె అతనికి మేనమామ కూతురు. ఇద్దరివీ చోడవరం వైపు పక్కపక్క ఊళ్లు. పెళ్లికి ముందు ఆమెకు కారు తోలడం నేర్పింది అతనే. నేర్పిన కొన్నాళ్లకే, తనకంటే ఆమే బాగా తోలుతుందని అతనికి తెలిసిపోయింది. ఆ సంగతి అతను దాచుకోలేదు. షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

అనకాపల్లి అవతల మూతపడ్డ ఒక కంపెనీ సిమెంటు యార్డులో కార్ల క్లబ్బు వాళ్లు పోటీలు పెడుతుంటారు. ఒక్కో కారూ ఒంటరిగా, నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్ల మధ్య నుంచి తిరిగి రావాలి. తక్కువ టైములో వచ్చినవాళ్లు గెలిచినట్టు. గౌరీశ్వరి తమ పాత పెట్రోలు కారుతోనే అక్కడికి వెళ్లేది. మలుపుల్లో ఆమెను పట్టుకోగలిగినవాళ్లు తక్కువ. తిన్నని దారి వచ్చేసరికి మాత్రం ఇంజను సరిపోయేది కాదు. ప్రతిసారీ జాబితా మధ్యలో ఎక్కడో మిగిలేది.

అందుకని జగ్గారావు ఆ కారుకి టర్బో పెట్టాడు.

టర్బో అంటే చిన్న పంకా. ఇంజను వదిలే వేడిపొగ దాన్ని తిప్పుతుంది. అది తిరిగి ఇంజనులోకి గాలిని దట్టించి పంపుతుంది. నిమిషానికి లక్షసార్లకి పైగా తిరిగే ఆ పంకా ఇరుసు ఇనుము మీద ఆనదు. సన్నని ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ ఆయిల్ కొన్ని క్షణాలు అందకపోయినా ఇరుసు మాడిపోతుంది. కాబట్టి టర్బో బిగించడం కంటే, దానికి ఆయిల్ తెచ్చే పైపుని ఏ దారిన తీసుకెళ్లాలన్నదే పెద్ద పని.

జగ్గారావు దగ్గరి దారి ఎంచుకున్నాడు. ఇంజను పక్కనుంచి ఎగ్జాస్ట్ గొట్టం వెనకగా టర్బో మీదికి మూరెడు పైపు సరిపోయింది. బయట స్టీలు తీగ అల్లిక, లోపల రబ్బరు. టర్బో మూతి దగ్గర ప్రెషర్ సెన్సర్ పెట్టి, దాని వైరు డాష్‌బోర్డులో ఒక ఎర్రదీపానికీ బజరుకీ కలిపాడు. అక్కడ ఆయిల్ ఒత్తిడి పడిపోతే దీపం వెలిగి బజరు మోగుతుంది. ఇంజనుకి కారు కంపెనీ ఇచ్చిన ఆయిల్ దీపం ఎలాగూ ఉంది. తాళం తిప్పగానే రెండు దీపాలూ వెలగాలి, ఇంజను స్టార్టయ్యాక రెండూ ఆరిపోవాలి.

గౌరీశ్వరి బానెట్ కింద తలపెట్టి చూసింది.

"ఎగ్జాస్ట్‌కి అంత దగ్గరగా ఎందుకు బావా? రబ్బరు గదా."

"పైన స్టీలుంది. దానిమీద వేడి ఆపే గుడ్డ సుడతాను. ఏటీ అవదు."

గుడ్డ చుట్టాడు.

అప్పికొండ వైపు రోడ్డు మీద కారు నడిపి చూశారు. తిన్నని దారిలో అది ముందుకు దూకిన తీరుకి గౌరీశ్వరి గట్టిగా నవ్వింది. పక్క సీట్లో కూర్చున్న జగ్గారావు ఆ నవ్వు చూసి ముఖం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. అంత సంతోషం అతనికి తట్టుకోవడం రాదు. కాసేపు గట్టిగా తోలాక ఎర్రదీపం వెలిగింది, బజరు మోగింది. ఆమె వెంటనే ఆపేసింది. ఇంజను చల్లారాక స్టార్ట్ చేస్తే దీపం ఆరిపోయింది.

జగ్గారావు సెన్సర్ మార్చాడు. వైరు మార్చాడు. వేడెక్కితే మళ్లీ అదే. కంపెనీ దీపం మాత్రం ఒక్కసారీ వెలగలేదు. ఇంజనులో ఒత్తిడి బాగానే ఉన్నప్పుడు, దాని నుంచే ఆయిల్ తీసుకునే టర్బోలో ఎలా పడిపోతుంది? వేడికి సెన్సరే తప్పు చూపిస్తోందని అతను తేల్చుకున్నాడు. పోటీ దగ్గరికొచ్చేసింది. పైపు ఊడదీసి మళ్లీ వేయాలంటే టర్బో కూడా దించాలి.

పోటీకి ముందురోజు సాయంత్రం గౌరీశ్వరి అడిగింది. "దీపం సంగతేటయింది?"

"సరిసేసాను," అన్నాడు జగ్గారావు.

అతను చేసిందల్లా డాష్‌బోర్డు వెనక వైరు పీకి టేపు చుట్టడం.

యార్డు దగ్గర ఉదయం నుంచే ఎండ మండిపోతోంది. వరసలో నిలబడ్డ కార్లన్నీ ఇంజన్లు ఆపేసుకుని ఉన్నాయి. స్టార్టు గీత దగ్గర జెండా పట్టుకున్నది భీమశంకరరావు. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యి, ఈ క్లబ్బు పనులు చూసుకుంటున్నాడు. గౌరీశ్వరి వంతు వచ్చింది. ఆయన రమ్మని చెయ్యూపాడు. ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుని తాళం తిప్పింది.

ఒక్క దీపమే వెలిగింది.

తాళం వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పింది. ఒక్కటే. ఆమె ఇంజను స్టార్ట్ చెయ్యలేదు. తలుపు తీసుకుని దిగింది. తాడు అవతల నిలబడ్డ జగ్గారావు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏటయింది?"

"టర్బో దీపం ఎలగట్లేదు."

"బల్బు పోయుంటాది. ఎల్లు, ఎల్లు. ఎనక కార్లు ఉన్నాయి."

"అయితే బల్బు తీసి సూపించు."

అతను కదల్లేదు. ఆమె అతని ముఖంలోకి చూసింది. కొత్తగా ఎక్కడో చూసిన మనిషిని పోల్చుకుంటున్నట్టు చూసింది.

"నువ్వే తీసేసావేటి?"

"అది తప్పు సూపిత్తంది గౌరీ. ఊరికే మోగుతాది. నువ్వు మధ్యలో ఆపేత్తావని..."

"సరిసేసానన్నావు గదా."

జగ్గారావు తల దించుకున్నాడు. భీమశంకరరావు దగ్గరికొచ్చి, "ఏమ్మా, వెళ్తావా? లేకపోతే పక్కకి పెట్టించనా?" అని అడిగాడు.

"పక్కకి పెట్టించండి బాబూ. నాను తోలను."

ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కారుని తోసి పక్కన పెట్టారు. ఎవరో జగ్గారావు భుజం మీద చెయ్యేసి ఏదో జోక్ చేశారు. అతను నవ్వలేదు. ఆ చెయ్యి తీసేశాడు. మైకులో తరవాతి కారు పేరు చదివారు.

గౌరీశ్వరి అతనితో కార్లో రాలేదు. రోడ్డు మీదికి నడిచి బస్సెక్కి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని గాజువాకలో దిగింది. జగ్గారావు ఆమె కంటే ముందే ఇంటికి చేరాడు. ఆమె లోపలికొచ్చి మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లించి చెప్పింది.

"దీపం తప్పు సెప్తే నాను ఆపుతాను. మళ్లీ స్టార్ట్ సేత్తాను. ఓడిపోతాను. అదంతా నా పని. ఆపాలో వద్దో లోపల కూకున్నదానికి ఎరిక. నువ్వు దీపమే తీసేసావు."

"టర్బో కాలిపోద్దంతే గదా. నీకేటవుద్ది?"

"ఆ పైపు ఎగ్జాస్ట్ పక్కనే ఉన్నాది. పగిలి దానిమీద ఆయిల్ పడితే ఏటవుద్దో నాను సెప్పాలేటి నీకు?"

ఆ తరవాత ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. గ్యాసు అయిపోయింది. మీ అమ్మ ఫోన్ చేసింది. రేపు నాకు పొద్దున షిఫ్టు. ఒకరి మీద ఒకరు అరుచుకోలేదు. పక్కింటివాళ్లకి ఏమీ తెలియలేదు.

జగ్గారావుకి మనసులో కోపంగానే ఉంది. అంతమంది ముందు కారు తోయించింది. తన మాట మీద ఒక్క చుట్టు తిరిగొచ్చి ఉంటే, ఏమీ కాలేదని ఆమెకే తెలిసేది. తను చెప్పింది నిజమని చూపించాలనుకున్నాడు. ఆ వారం షెడ్డులో పని తక్కువగా ఉన్న రోజు టర్బో దించి ఆయిల్ పైపు ఊడదీశాడు. బయట గుడ్డ కొంచెం నల్లబడింది. దాని కింద స్టీలు అల్లిక మెరుస్తూనే ఉంది. నోటితో ఊదాడు. గాలి అటునుంచి హాయిగా వచ్చింది. పైపులో లోపమేమీ లేదు. తను అన్నదే నిజం.

కానీ దీపం వెలిగింది చల్లగా ఉన్నప్పుడు కాదు.

పాత డబ్బాలో ఇంజనాయిల్ పోసి స్టవ్వు మీద పెట్టాడు. బాగా కాగాక పైపుని అందులో ముంచి ఉంచాడు. పట్టకారుతో తీసి, ఒక కొసకి కంప్రెసర్ గాలి పెట్టాడు. రెండో కొస నుంచి గాలి రాలేదు. సన్నగా ఒక ఈల లాంటి చప్పుడు వచ్చిందంతే. ఒత్తిడి పెంచాడు. అయినా అంతే. అతను కంప్రెసర్ ఆపేశాడు. పైపు చల్లారాక కట్టర్‌తో అల్లికని కోసి, బ్లేడుతో రబ్బరుని నిలువునా చీల్చాడు. ఎగ్జాస్ట్ వైపు ఉన్న చోట లోపలి రబ్బరు పొర విడిపోయి నాలుకలా వేలాడుతోంది. వేడికి మెత్తబడినప్పుడల్లా అది వాలి దారిని మూసేస్తోంది. చల్లారితే మళ్లీ గోడకి అంటుకుంటోంది. ఆ పక్కనే రబ్బరు దాదాపు బయటివరకూ బీటలువారింది. ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఉంటే స్టీలు అల్లిక లోంచి ఆయిల్ చిమ్మేది.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. యార్డులో చివరి తిన్నని దారి, దాని కొసన సిమెంటు గోడ, ఆ గోడకి ముందు ఆమె బ్రేకు వేసే చోటు, అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. బానెట్ కింద మంట లేస్తే అక్కడే లేచేది. లేచి, చీల్చిన పైపు ముక్కలు రెండూ సంచిలో వేసుకున్నాడు.

షిఫ్టు వదిలే వేళకి బండి మీద అచ్యుతాపురం జంక్షనుకి వెళ్లాడు. కంపెనీల బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి. గౌరీశ్వరి తోటివాళ్లతో నడిచి వస్తూ అతన్ని చూసి ఆగిపోయింది.

"ఏటి, ఇక్కడికొచ్చావు?"

అతను సంచిలోంచి చీల్చిన పైపు రెండు ముక్కలూ తీసి ఇచ్చాడు. ఆమె వాటిని వెలుతురు వైపు తిప్పి, వేలిగోటితో రబ్బరు పొరని లేపి చూసింది. కంపెనీలో రోజూ అలాంటి ముక్కల్ని కోసి చూడడమే ఆమె పని.

"పొర ఇడిపోయింది. బయటికి ఏటీ తెల్దు," అంది.

"తప్పు సేసాను గౌరీ. నువ్వు దిగకపోయుంటే..." అని ఆగిపోయాడు.

ఆమె ముక్కల్ని సంచిలో వేసి బండెక్కింది. పరవాడ దాటాక వెనకనుంచి అంది. "ఈసారి పైపు నాను వేత్తాను. నువ్వు పక్కనుండు."

ఆదివారం ఇద్దరూ షెడ్డులో పని చేశారు. రబ్బరు లేని, వేడికి తట్టుకునే పైపు కొన్నారు. ఆమె దాన్ని ఎగ్జాస్ట్ వైపుకి పోనివ్వలేదు. ఇంజను ముందునుంచి, రేడియేటర్ పక్కగా, చుట్టూ తిప్పి టర్బోకి పైనుంచి దించింది. పొడవు మూడింతలైంది. ఎక్కడా వంపు బిగుసుకోకుండా, ఇంజను ఊగినప్పుడు దేనికీ రాసుకోకుండా చేత్తో తడిమి చూసుకుంటూ క్లాంపులు వేయించింది. వాడిన ఆయిల్ కిందికి దిగే పైపుని జగ్గారావు తిన్నగా, ఎక్కడా గుంట పడకుండా వేశాడు. సెన్సర్‌ని టర్బో మీంచి తీసేసి, సన్నని గొట్టంతో పక్కకి తెచ్చి, ఇంజను వెనకున్న ఇనుప గోడకి బిగించాడు. అక్కడైతే వేడీ అదురూ తగలవు. దీపం వైరు మాత్రం గౌరీశ్వరే కలిపింది.

"డాష్‌బోర్డులో ఏది తియ్యాలన్నా నన్నడగాల," అంది.

"అడుగుతాను."

"మాట బావా."

"మాటే."

యారాడ కొండ ఎక్కి చూద్దామని బయల్దేరారు. ఘాట్ రోడ్డు మొదట్లో ఆమె కారు ఆపి దిగి, ఇటు వచ్చి అతని వైపు తలుపు తీసింది.

"నువ్వు తోలు. గట్టిగా తోలు, నాను తోలినట్టే."

టర్బో పెట్టాక జగ్గారావు ఆ కారుని ఎప్పుడూ గట్టిగా తోలలేదు. మొదటి మలుపులోనే కారు అతను అనుకున్నదాని కంటే ముందుకు లాగేసింది. రెండో మలుపుకి అరచేతులు తడిసిపోయాయి. రోడ్డు అంచూ, ఎదురొచ్చే ఆటో, లోయా తప్ప ఇంకేమీ కళ్లకి ఆనలేదు. సగం కొండ ఎక్కాక ఆమె అడిగింది.

"దీపం ఎలిగిందా ఇందాక?"

"సూడలేదు."

"ఒక్కసారైనా సూసావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. చూడడానికి కన్నే తిరగలేదు. బజరు మోగితే తప్ప తనకి ఏదీ తెలిసేది కాదని అప్పుడు అర్థమైంది. దీపం వెలగలేదనీ, తను చూస్తూనే ఉన్నాననీ ఆమె చెప్పింది.

కొండ దిగి సముద్రం పక్కన కారు ఆపాడు. తాళం మీద చెయ్యి వేయబోతే ఆమె పట్టుకుంది.

"అప్పుడే ఆపీకు. టర్బో ఇంకా తిరుగుతాది లోపల. ఆయిల్ పోనీ కాసేపు."

ఆ సంగతి అతనే ఆమెకు చెప్పాడు, టర్బో పెట్టిన రోజు. అయినా సరేనని చెయ్యి తీసేశాడు. ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఎదురుగా ఇసకలో ఎవరో వల బాగుచేసుకుంటున్నారు.

"నీకు బయమెయ్యదేటి?" అని అడిగాడు జగ్గారావు.

"ఏత్తాది," అంది గౌరీశ్వరి. "రోజూ ఏత్తాది."

అతను ఆమె వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఆ మాట తను ఎప్పుడూ అడగలేదు.