పాపం పక్కన కామా

రచయిత్రి రాసిన నవల చివర్లో ఒక మనిషి ఈత కొలనులో మునిగి చచ్చిపోతాడు. ఈత నేర్పే కోచ్ గట్టు మీద నిలబడి, ఐస్‌క్రీం కారిపోకుండా పుల్ల చుట్టూ జాగ్రత్తగా తింటూ, చూస్తూ ఉంటుంది. కాపాడదు. ఆవిడకి ఈత రాక కాదు. గెలిచిన కప్పులు పెట్టుకోడానికి చోటు లేక పెద్దకప్పులో గొడుగులు పెట్టుకున్న మనిషి. పోనీ మునిగినవాడేమైనా అన్యాయం చేశాడా అంటే అదీ లేదు. ఐస్‌క్రీం అయిపోయాక పుల్ల చెత్తబుట్టలో వేసి, ఇంటికెళ్ళి, తువ్వాలు ఆరేసుకుని, హాయిగా నిద్రపోతుంది. ఆఖరి వాక్యం: "ఆమె పాపం చేసింది."

అంతకుముందు రెండువందల పేజీల్లో ఆ కోచ్ పిల్లలకి ఈత నేర్పుతుంది, జోకులేస్తుంది, చదివేవాళ్ళకి తెగ నచ్చేస్తుంది. బాగా నచ్చాక ఈ పని చేస్తుంది. ఇప్పుడు ఏడవండి అని రచయిత్రి ఉద్దేశం. క్షమించనూలేక, ఇష్టపడడం మాననూలేక చదివినవాళ్ళు గింజుకోవాలి. ఆ ఒక్క వాక్యం కోసమే ఆవిడ ఆ పుస్తకం రాసింది.

రచయిత్రి ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దాలు మారుస్తూ "ఇది బాగా కనబడుతోందా, ఇదా?" అని అడగడం పని. మనుషులకి ఏది చూడాలనుంటే అదే కనబడుతుందని అక్కడే తెలుసుకుంది. తెలిసి కూడా నవల రాసింది. అది ఆవిడ తప్పు.

ముందుగా ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, అద్భుతంగా ఉంది. ఒక్కటే సందేహం. చిన్నప్పుడు ఏం జరిగింది?"

"ఎవరికి సార్?"

"మీ కోచ్‌కి."

"చిన్నప్పుడా? బడికెళ్ళింది."

"అది కాదు మేడమ్. ఏదో జరిగుండాలి కదా. తండ్రి కొట్టేవాడనో, చెల్లెలు నీళ్ళలో పోయిందనో..."

"తండ్రి బంగారంలాంటి మనిషి సార్. చెల్లెలు నిక్షేపంలా ఉంది."

అవతల పెద్ద నిట్టూర్పు. "అలా అయితే కష్టం మేడమ్. మగవాడు చంపితే కథ అడుగుతారు. ఆడది చంపితే కారణం అడుగుతారు. నాలుగు పేజీల ఫ్లాష్‌బ్యాక్ పడేయండి, ఏం పోయింది?"

పోయేది నవల. ఆ మాట ఆవిడ గంటసేపు చెప్పింది. గోడకి చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలేది. చివరికి బేరం కుదిరింది. ఫ్లాష్‌బ్యాక్ ఉండదు, దానికి బదులు అట్ట మీద ఆవిడ వద్దన్న కన్నీటిబొట్టు ఉంటుంది. ఆఖరి వాక్యం మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

ఇంట్లో మొదటి పాఠకుడు మొగుడు. ఆయన చివరిదాకా చదివి, కాగితాలు ఒబ్బిడిగా సర్ది, గొంతు సవరించుకున్నాడు.

"ఆ మునిగినవాడు గురక పెడతాడని రాశావు."

"లోకంలో గురక పెట్టే మగాళ్ళు బోలెడుమంది ఉన్నారండీ."

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడని కూడా రాశావు."

ఆ నిమిషాన మంచం మీద తడి తువ్వాలు ఉంది.

"చూడు, నేనేమీ అనుకోను," అన్నాడాయన, అన్నీ అనుకున్న మొహంతో. "కానీ ఏదో ఒక కారణం పెట్టు. నేను కాని కారణం." ఆనాటి నుంచి కాఫీ ఇస్తే "నువ్వు ముందు తాగు, వేడెంతుందో చూడు" అనడం మొదలుపెట్టాడు. తువ్వాలు ఆరేయడం మాత్రం మొదలుపెట్టలేదు.

అత్తగారు రెండో పాఠకురాలు. ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. అద్దాలని కాదు, కళ్ళని.

"పాపం, ఎంత కష్టం పడిందో పిచ్చిది!"

"ఎవరత్తయ్యా? మునిగినవాడా?"

"వాడి సంగతెందుకే, పోయాడుగా. ఆ పిల్ల! ఒంటరిగా ఐస్‌క్రీం తింటుంటే నా కడుపు తరుక్కుపోయింది."

"ఆవిడకి ఏ కష్టమూ లేదత్తయ్యా. నేనే కదా రాసింది, నాకు తెలుసు."

"నీకేం తెలుసమ్మాయ్! ఆడపిల్ల చెప్పుకుంటుందా అన్నీ?"

తన కథలో మనిషి తనకే చెప్పని కష్టాలు అత్తగారికి ఎప్పుడు చెప్పుకుందో రచయిత్రికి అంతు పట్టలేదు. సరే, అచ్చులో ఆఖరి వాక్యం చూస్తే ఆవిడే దారికొస్తుందని ఊరుకుంది.

ప్రూఫులు షాపుకే వచ్చాయి. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆఖరి పేజీ తీసింది. "ఆమె పాపం, చేసింది."

ముందు ఈగ మురికి అనుకుంది. గోటితో గీకింది. పోలేదు. అద్దాల మీద గీతలు వెతికే భూతద్దం తెచ్చి పెట్టి చూసింది. ఈగ కాదు. కామా. తోకతో సహా.

ఫోన్ చేస్తే ప్రూఫులు దిద్దే పెద్దాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "తొందర్లో మర్చిపోయినట్టున్నారు, నేనే పెట్టేశానమ్మా. పరవాలేదు."

"మర్చిపోలేదండీ. అక్కడ కామా లేదు!"

"లేకపోతే అర్థం మారిపోతుందమ్మా. పాపం చేసింది అయిపోతుంది."

"అదే కదండీ నేను రాసింది!"

ఆయన పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "ఎంతైనా ఆడకూతురమ్మా. మనమే అంత మాట అనేస్తే ఎలా?"

ఆవిడ కామా కొట్టేసింది. రెండో ప్రూఫులో మళ్ళీ వచ్చింది. ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన "వద్దు" అని రాసింది. మూడో ప్రూఫులో "ఆమె పాపం, చేసింది. వద్దు." అని వచ్చింది. ఎడిటర్‌కి చెబితే, "నిజానికి చాలా బాగుంది మేడమ్, పశ్చాత్తాపం కూడా వచ్చింది," అన్నాడు. రేపు పొద్దున అచ్చుకి వెళ్ళిపోతుందని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం బయటినుంచి వస్తున్న అత్తగారు లిఫ్ట్ దగ్గర కలిసింది. ఇద్దరూ ఎక్కారు. తలుపులు మూసుకోబోతుంటే పైఅంతస్తు ఆవిడ రెండు చేతులా సంచులతో, "ఆపండి, ఆపండి" అంటూ పరిగెత్తుకొచ్చింది. అత్తగారు చెయ్యి చాచింది. చీమకి కూడా పక్కకి జరిగి దారిచ్చే మనిషి. ఆ చేత్తో తలుపు మూసే మీట నొక్కింది. గట్టిగా. పైఅంతస్తు ఆవిడ మొహం సన్నటి గీతై మాయమయ్యేదాకా నవ్వుతూ చూసింది.

లిఫ్ట్ కదిలింది.

"ఎందుకలా చేశారత్తయ్యా?"

"ఊరికే."

"ఆవిడేమైనా అందా మిమ్మల్ని?"

"అబ్బే! చాలా మంచిమనిషి. మొన్న నాకు మోకాళ్ళ మందు తెచ్చిపెట్టింది కూడాను." అత్తగారు అంకెలు మారడం చూస్తూ అంది. "అప్పుడప్పుడూ బాగుంటుందమ్మాయ్."

రచయిత్రికి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. లిఫ్టులో చోటు చాల్లేదు. ఇంట్లోకి వస్తూనే చెప్పులైనా విప్పకుండా ఎడిటర్‌కి ఫోన్ చేసి ఆఖరి వాక్యం తీసేయమంది. దానికి బదులు రెండు ముక్కలు చెప్పింది. పోలీసు అడుగుతాడు: "ఎందుకు కాపాడలేదు?" కోచ్ అంటుంది: "ఊరికే." అంతే. అందులో పాపమూ లేదు, కామాకి చోటూ లేదు. ఎడిటర్ గొణిగాడు గానీ పెట్టాడు.

పుస్తకం వచ్చింది. ఆవిడ ముందు ఆఖరి పేజీ తీసింది. "ఊరికే." తర్వాత చుక్క. నిఖార్సైన, తోక లేని చుక్క. మూడు ప్రూఫుల తర్వాత మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

అత్తగారికి ఇచ్చింది. ఈసారి తప్పించుకునే దారి లేదు. ఆ మాట ఆవిడదే. మొహం ఎలా మారుతుందో చూద్దామని ఎదురుగా కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది. అత్తగారు ఆఖరి పేజీ చదివింది. కళ్ళజోడు తీసింది. కొంగు అందుకుంది.

"ఊరికే అందమ్మా, విన్నావా?" అంది, కళ్ళొత్తుకుంటూ. "లోపల ఎంత బాధ దాచుకుంటేనో గానీ అంత మాట రాదు. ఊరికే ఎవరైనా చేస్తారా అలాంటి పని?"

"మీరు చేశారు కదత్తయ్యా. లిఫ్టులో. పైఅంతస్తావిణ్ణి వదిలేసి."

"నేనా?" అత్తగారు నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆ రోజు నాకు మోకాళ్ళ నొప్పి."

ఆరునెలలుగా రచయిత్రి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిందంతా, ఆ కొంగు తడిలో కరిగిపోయింది. కాస్త నడిస్తే తన కోపానికీ, అత్తగారి మోకాళ్ళకీ మంచిదని ఆవిడని వెంటబెట్టుకుని కిందికెళ్ళి నాలుగు చుట్లు తిరిగొచ్చింది. ఒక్క చుట్టులోనూ కోపం తగ్గలేదు.

తిరిగి లిఫ్ట్ ఎక్కారు. తలుపులు మూసుకోబోతున్నాయి. గేటు దగ్గర్నుంచి మొగుడు పరిగెత్తుకొస్తున్నాడు, చంకలో ఆఫీసు సంచి, మొహం నిండా చెమట. "ఆగు, ఆగు" అంటూ, మునిగిపోతున్నవాడు ఎత్తినట్టు ఒక చెయ్యి పైకెత్తాడు. ఆయన ఆమెని చూశాడు. ఆమె ఆయన్ని చూసింది. ఆయన ఇవాళ ఏ తప్పూ చేయలేదు. పొద్దున తువ్వాలు కూడా తీగ మీదే ఆరేశాడు, మొట్టమొదటిసారి.

ఆవిడ చెయ్యి చాచి మీట నొక్కింది.

తలుపులు మూసుకున్నాయి. లిఫ్ట్ కదిలింది. చాలా బాగుంది.

అత్తగారు మూసుకున్న తలుపులకేసి చూసింది. తర్వాత కోడలి మొహంకేసి చూసింది. ఆవిడ ఏమంటుందోనని కోడలు ఊపిరి బిగబట్టింది.

"పాపం," అంది అత్తగారు.

కొడుకునో, కోడలినో, చేసిన పనినో తెలియలేదు. మాటలో కామా ఉందో లేదో ఎంత చెవులు రిక్కించినా వినబడదు.