పైడయ్య పేరున మొక్కు

పైడయ్యను ఉరి తీశారో, వదిలిపెట్టారో నారాయణమ్మకు తెలియదు. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు మొదలైన ఆ సందేహం ఇన్నేళ్లయినా తీరలేదు. చేటలో బియ్యం చెరుగుతూనో, దేవుడి దగ్గర వత్తి వేస్తూనో ఉన్నట్టుండి గుర్తొచ్చి, చేతిలో పని ఓ క్షణం ఆగిపోయేది. ఇంతకీ ఆ పైడయ్య ఆవిడకు చుట్టం కాదు, ఊరివాడూ కాదు. రేడియో నాటకంలో వంటవాడు.

శ్రీకూర్మం వెళ్లే దారిలో ఉన్న ఆ ఊరికంతటికీ అప్పట్లో ఒక్కటే రేడియో. అది బియ్యం మిల్లు నరసింగరావు ఇంట్లో ఉండేది. శుక్రవారం సాయంత్రం "నాలుగో తాళంచెవి" వస్తుందంటే ఆడవాళ్లు పొయ్యి మీది కూర ముందే దించుకుని వాళ్ల వసారాలో చేరేవారు. ఒక పెద్ద బంగళా. బయట తాళం వేసిన గదిలో దివాను హత్యకు గురై పడి ఉంటాడు. ఆ తాళానికి చెవులు నాలుగు. మూడింటి ఆచూకీ తెలుస్తుంది. నాలుగోది వంటవాడు పైడయ్య బియ్యం డబ్బాలో దొరుకుతుంది. పైడయ్యకు నా అన్నవాళ్లు లేరు. "నాకేమీ తెలియదు బాబూ, అన్నం మీద ఒట్టు" అని ఆ ముసలి గొంతు వణికినప్పుడల్లా నారాయణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆఖరి భాగం ముందు వారం జడ్జీగారు తీర్పు వాయిదా వేశారు. నారాయణమ్మ ఇంటికి వస్తూ దారిలో ఆగి, అరసవల్లి ఉన్న దిక్కుకు తిరిగి చేతులెత్తింది.

"సూరీడు బాబూ! నీ కంట పడనిది ఏదీ నేదు గదా. ఆ ముసిలోడు ఏ పాపం ఎరగడు. ఆడు బయటపడితే నీ గుడి కాడ మానెడు బియ్యం పరమాన్నం ఒండి ఆడి పేరున నైవేద్యం పెడతాను."

మొక్కేసిన తరువాత గాని తట్టలేదు ఆవిడకు, మొక్కింది నాటకంలో మనిషికోసమని.

తరువాతి శుక్రవారం రాకముందే నరసింగరావు తల్లి కాలం చేసింది. మైల ఇంట్లో రేడియో పాడకూడదు కదా, దాని మీద తెల్ల పంచె కప్పేశారు. పలకరింపుకు వెళ్లిన నారాయణమ్మ అందరితోపాటు ఏడ్చింది గాని, కళ్లు మాత్రం రెండుసార్లు ఆ పంచె వైపు పోయాయి. ఇంటికొచ్చి దేవుడి ముందు లెంపలు వేసుకుంది. మైల తీరి పంచె తీసేసరికి నాటకం అయిపోయింది. ఎవరిని అడిగినా తలో మాట చెప్పారు. గాజులమ్మే ఆవిడ ఉరి తీసేశారంది. విజయనగరం నుంచి వచ్చిన చుట్టం, జైల్లోనే పోయాడన్నాడు. ఇంకొకాయన, అసలు చంపింది పైడయ్యేనని పందెం కట్టాడు. అందరూ చెవులారా విన్నవాళ్లే.

అలా ఆ మొక్కు తీర్చాలో అక్కర్లేదో తెలియకుండా ఉండిపోయింది. ఉండిపోతే ఉండిపోవును గాని, ఈ ఏడు నారాయణమ్మ మొగుడు సోములుకు కళ్లల్లో పొర కమ్మింది. పొలం గట్టు మీద నిలబడ్డ గేదెను చూసి "ఎప్పుడొచ్చినావు బావా" అన్నాడని ఊరంతా నవ్వుకున్నారు. నారాయణమ్మ నవ్వలేకపోయింది. విశాఖపట్నంలో డాక్టరు పొర తీస్తానని, వచ్చే నెలలో రమ్మని చెప్పాడు. కళ్లకు ఆపదొస్తే మొక్కుకోవడానికి ఆ సూర్యనారాయణమూర్తి కంటే ఎవరున్నారు? కాని దేవుడి ముందు కూర్చుంటే ఆవిడకు నోరు పెగలదు. పాత మొక్కు తేలకుండా కొత్తది కట్టకూడదని ఆవిడ అత్తగారి కాలం నుంచీ ఆ ఇంట్లో ఆనవాయితీ.

చివరకు మొగుడికి చెప్పేసింది. సోములు నవ్వి నవ్వి పొలమారాడు.

"ఓసి నీ అసాజ్జం గూల! నాటకంలో ఓడికి మొక్కీసినావా? నా కాలిరిగినప్పుడు మొక్కినావేటి?"

"నీకు నానున్నాను గదా మావా. ఆడికెవులున్నారు?"

సోములు పైగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. "సరే, ఇప్పుడేటయ్యింది? మానెడు బియ్యమే గదా, ఒండి పెట్టీ. పీడా పోతాది."

"ఎలాగ పెడతాను? ఆడు బయటపడితేనే గదా పెడతానన్నాను. ఒకేళ ఉరి తీసీసి ఉంటే? సచ్చినోడి పేరు సెప్పి అన్నం ఒండితే అది నైవేద్యం అవుద్దా, పిండం అవుద్దా? దేముడికి పిండం పెట్టమంటావేటి?"



ఆ మాటలైన వారానికి, మొక్కు సంగతి సోములు నోట విన్న నరసింగరావు పెళ్లాం లక్ష్మణమ్మ వీధిలోంచి కేకేసింది. "ఒసే నారాయణీ! నీ మొగుడొచ్చినాడే!"

"నా మొగుడు పెరట్లోనే ఉన్నాడు గదా వదినా."

"ఆడు కాదే, పైడయ్య! ఆ నాటకం మళ్లీ యేస్తన్నారట. ఈసారి వారానికోపాలి కాదు, రోజూ మజ్జానం. రేపే మొదలు."

నారాయణమ్మ మర్నాటి నుంచి వంట పెందలాడే ముగించి ఆ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తెలిసిన కథే అయినా మొదటిసారి కంటే ఇప్పుడే ఎక్కువ భయం వేసింది. దివాను తలుపు గడియ చప్పుడు వినగానే "లోపలికి ఎల్లకు నాయనా" అని పైకే అనేసేది. నాట్లు పడి మధ్యలో ఒకనాడు వెళ్లలేకపోతే లక్ష్మణమ్మ ఆ భాగమంతా తన సొంత తాలింపు పెట్టి చెప్పింది. అందులో లేని దెయ్యం కూడా ఒకటి వచ్చి పోయింది.

ఆఖరి రోజు వచ్చింది. కోర్టు నిశ్శబ్దమైంది. జడ్జీగారు గొంతు సవరించుకున్నారు. "సాక్ష్యాధారాలన్నీ పరిశీలించిన మీదట, ముద్దాయి పైడయ్య..."

కరెంటు పోయింది.

"ఎలిపోనాది!" అంది లక్ష్మణమ్మ చేతులు తిప్పుతూ. "ఆడి జాతకమే అంత. నీ మొక్కు తీరదే, ఇంక ఎల్లి నీ మొగుడి బావ, ఆ గేదెనే అడుగు."

నారాయణమ్మ ఆ మాట సగమే విన్నది. బస్సులు ఆగే చోట కూర్మయ్య క్షవరం కొట్లో బ్యాటరీతో పాడే ట్రాన్సిస్టరు ఉంది. ఊళ్లో ఆడది ఏదీ ఆ కొట్టు గుమ్మం తొక్కదు, అటు చూడను కూడా చూడదు. నారాయణమ్మ చెంగు నడుముకు దోపి, ఎండలో చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

కొట్లో నలుగురు మగాళ్లు నోళ్లు తెరుచుకుని మేకుకు వేలాడే ట్రాన్సిస్టరు వైపే చూస్తున్నారు. కుర్చీలో ముఖం నిండా నురగతో ఒకాయన ఉన్నాడు. కూర్మయ్య కత్తి గాలిలోనే ఆగి ఉంది.

"తీర్పు అయిపోనాదా అన్నా?" అంది గుమ్మంలోంచి, రొప్పుతూ.

నురగ ముఖం ఇటు తిరిగింది. "ఎవులది? గొంతు మా ఆడదాని గొంతులాగున్నాదే?"

"నానే మావా."

"ఒసే, ఇక్కడికెందుకొచ్చినావే!"

"ఉష్!" అన్నాడు కూర్మయ్య ఇద్దరినీ. "ప్లీడరు అడ్డొచ్చి కొత్త సాక్షిని తెచ్చినాడు. ఇనండి."

ఆ సాక్షి బంగళా తోటమాలి. దివానుగారి బావమరిది ఆ ఉదయం వంటింట్లోంచి చేతులకంటిన తవుడు దులుపుకుంటూ రావడం చూశానన్నాడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టవలసిన పని ఆయనకేమిటని ప్లీడరు అడిగాడు. అంతే, బావమరిది కేకలు వేయడం మొదలుపెట్టాడు. జడ్జీగారు మళ్లీ గొంతు సవరించుకున్నారు.

"...ముద్దాయి పైడయ్య నిర్దోషి అని ఈ న్యాయస్థానం విడుదల చేస్తున్నది."

నారాయణమ్మ ఆ కొట్టు గుమ్మం మీదే చతికిలబడింది. ఇన్నేళ్లూ గుండెల మీద ఉన్న రాయి దిగిపోయినట్టయి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. కత్తిరించిన జుట్టు చీరకంతా అంటుకుంది. "సెల్లెమ్మకి ఓ సోడా తెండిరా" అన్నాడు కూర్మయ్య.

సగం గడ్డంతోనే లేవబోయిన సోములును వాళ్లు ఆపి, మిగతా సగం కూడా గీసి పంపించారు. మొగుడి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి వస్తున్నంతసేపూ నారాయణమ్మ తేలిగ్గానే ఉంది. వీధి మలుపు తిరిగేసరికి ఇంకొకటి పట్టుకుంది.

"మావా, ఆ నాటకం రాసినాయన ముందే అంతా రాసీసి ఉంటాడు గదా? నాను మొక్కినప్పటికే ఆడు బయటపడిపోయి ఉన్నాడు. మరి నా మొక్కు వల్ల ఏటైనట్టు?"

సోములు నున్నటి గడ్డం తడుముకున్నాడు. "నా కళ్లకేటవుతాదో అదీ పైనెక్కడో రాసీసే ఉంటాది గదే. అయినా నువ్వు మొక్కుతావు గదా?"

"మొక్కనా మరి!"

"అయితే ఇదీ అదే. బేగి నడు, ఎండ మండిపోతంది."

అది పూర్తి జవాబేనా అని నారాయణమ్మకు అనుమానమే. ఐనా అంతకంటే మంచిది తనకూ తోచలేదు.

ఆదివారం తెల్లారే బస్సులో ఇద్దరూ అరసవల్లి వెళ్లారు. ఇటుకలు పేర్చి, పిడకలు రాజేసి, పాలు పొంగించి, మానెడు బియ్యం, బెల్లం వేసి దగ్గరుండి వండింది. గిన్నె చెంగుతో పట్టుకుని గుడిలోకి నడిచింది. పూజారిగారు గోత్రనామాలు అడిగారు.

"పేరు పైడయ్య బాబూ. గోత్రం తెలీదు. నా అన్నోళ్లు ఎవులూ నేరు."

"గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెబుతామమ్మా. స్వామివారిదీ అదే. కశ్యపుడి కొడుకు కదా." ఆయన పువ్వు చేతిలోకి తీసుకున్నారు.

దేవుడి ముందు దాచడం నారాయణమ్మకు చేత కాలేదు. "బాబూ, ఒక మాట. ఆడు నిజం మనిషి కాదు. రేడియో నాటకంలో మనిషి."

సోములు మోచేత్తో పొడిచాడు. పూజారిగారి చెయ్యి ఆగింది. ఆయన ఆవిడ కాళ్లకంటిన బస్సు దుమ్మునూ, మసిబారిన గిన్నెనూ చూశారు.

"మొక్కింది ఎవరు?"

"నానే."

"మీరు నిజం మనుషులే కదా?" అని, సమాధానం కోసం ఆగకుండా "కాశ్యప గోత్రోద్భవస్య, పైడయ్య నామధేయస్య..." అంటూ మంత్రం అందుకున్నారు. నారాయణమ్మ కళ్లు మూసుకుంది. ఏ ఊరూ, గోత్రమూ లేని ఆ ముసలాడికి స్వామి ఇంటి గోత్రమే దక్కింది.

హారతి కళ్లకద్దుకుని, ఆ చేతులతోనే సోములు కళ్లను తడిమి, అక్కడే నిలబడి కొత్త మొక్కు మొక్కింది. ఈసారి నోరు ఎక్కడా తడబడలేదు.

బయట అరుగు మీద విస్తరాకుల్లో పరమాన్నం వచ్చినవాళ్లకు వచ్చినట్టు పెట్టింది. చివరగా సోములుకు పెట్టింది. ఆయన ఆకు దగ్గరగా లాక్కుని, వేళ్లతో తడిమి, ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు.

"బెల్లం తక్కువైనాది. పైడయ్య అయితే ఇలాగ ఒండునా?"

"ఎల్లవయ్యా!" అంటూ నారాయణమ్మ గిన్నె వంచి, అడుగున మిగిలినదంతా గరిటెతో గీకి ఆయన ఆకులో వేసేసింది.